నాటిన దంతము నిలువకపోవుటకు కారణములు: ఒక చారిత్రక పరిశీలన

పళ్లున్ననాడు శనగలు లేవు, శనగలున్ననాడు పళ్లు లేవు అని మన పెద్దలు చెప్పిన సామెతలో హాస్యముతోపాటు ఒక బాధయు కలదు. పళ్లూడినవాని కష్టము నమలలేకపోవుటతో ముగియదు. దంత్యాక్షరములు నోట సరిగా పలుకవు. బుగ్గలు లోనికి పోవును. పంటివేళ్లను పట్టి నిలిపిన దవడయెముక ఇక పని లేనిదై ఏటేట తరిగిపోవును. ఈ లోటును కొంతవరకు తీర్చుటకు కట్టుడు పళ్లు చిరకాలముగ వాడుకలో నున్నవి. అవి చిగుళ్లపై కూర్చుండునవే కాని యెముకను పట్టుకొనునవి కావు. ఎముకలోనికి వేరును దింపి, దానిపై పన్నును నిలుపవలెనను కోరిక మానవునకు అతిప్రాచీనము. అది నమ్మదగిన చికిత్సగా పరిణమించినది మాత్రము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధముననే.

నేడు ఇంప్లాంటు అనుపేరుతో వ్యవహరింపబడుచున్న ఈ కృత్రిమ దంతమూలము సాధారణముగ టైటానియము లోహముతో చేసిన చిన్న మరమేకు. దానిని దవడయెముకలో నాటుదురు. ఎముక దానిని పట్టుకొనిన పిమ్మట దానిపై ఒక కలుపుముక్కను బిగించి, ఆపై పన్నువంటి తొడుగును కూర్చెదరు. చెన్నై, బెంగుళూరు, పూణే, బరంపురము వంటి నగరములందు స్థిరపడిన మన కుటుంబములలో పెక్కుమంది ఈ చికిత్సను చేయించుకొనుచున్నారు. మధ్యతరగతివానికి ఇది చిన్న వ్యయము కాదు. నాటినవానిలో అధికభాగము ఏండ్ల తరబడి నిలుచుచున్నవి. కొన్ని మాత్రము కొలది మాసములకో, పదేండ్లకో కదలి ఊడిపోవుచున్నవి. అట్టి సమయమున రోగి వైద్యుని నిందించును. వైద్యుడు రోగి అజాగ్రత్తను చూపును. బంధువులు విధిని తలచెదరు. ఈ మూడింటికంటెను ప్రయోజనకరమైన మార్గము, ఈ చికిత్స చరిత్రను పరిశీలించుట. ఏలయన, ఇంప్లాంటు నిలువకపోవుటకు నేడు మనకు తెలిసిన కారణములన్నియు ఒకేనాడు తెలిసినవి కావు. ఒక్కొక్క కారణము ఒక్కొక్క తరమువారి అపజయములనుండి బయటపడినది. ఆ క్రమమును చూచినయెడల, లోహము బలహీనమై విరిగిన సందర్భములు స్వల్పమనియు, దాని చుట్టునున్న సజీవమైన యెముకను, చిగురును లక్ష్యపెట్టకపోవుటయే చాలవరకు మూలమనియు స్పష్టమగును.

పూర్వయత్నములు

మధ్య అమెరికాలోని హొండురాస్ దేశమున, ఉలూవా నదీలోయలో, 1931వ సంవత్సరమున ఒక క్రిందిదవడ లభించినది. అది సుమారు క్రీస్తుశకము 600 నాటి మాయాజాతివారిదని పండితులు నిర్ణయించిరి. అందు ముందుపళ్ల స్థానమున, గవ్వజాతి చిప్పను పన్ను ఆకారమునకు అరగదీసి చేసిన మూడు ముక్కలు నాటబడియున్నవి. మృతునకు అలంకారముగ పెట్టినవని మొదట తలచిరి. 1970 ప్రాంతమున బ్రెజిల్ దేశీయుడైన అమడియో బోబియో అను పండితుడు ఎక్స్-రే పరీక్ష జరిపి, రెండు చిప్పముక్కల చుట్టును ఎముక గట్టిపడి పెరిగినదని చూపెను. అనగా ఆ మనిషి బ్రతికియుండగనే అవి నాటబడినవన్నమాట. ఎముక పరాయి వస్తువును కొన్ని పరిస్థితులలో సహింపగలదని చెప్పు తొలి సాక్ష్యములలో ఇది యొకటి. కాని ఆ విద్య ఎవ్వరికిని వారసత్వముగ సంక్రమించలేదు.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశములో వేరొక మార్గము ప్రబలినది. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ (1728–1793) మానవదంతములను గూర్చి 1771లో ఒక గ్రంథమును, 1778లో దాని రెండవ భాగమును ప్రకటించెను. ఆయన ఒక మనిషి పన్నును కోడిపుంజు తురాయిలో నాటి, అది అచట అతుకుకొనుటను చూచెను. ఆ నమూనా నేటికిని లండను నగరమున ఆయన పేరిట నున్న ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది. ఒకరి నోటినుండి తీసిన పన్నును వెంటనే మరియొకరి పంటిగుంతలో దింపి, ప్రక్కపళ్లకు దారముతో కట్టినచో నిలుచునని ఆయన బోధించెను. ధనవంతులు ఈ చికిత్సకు ఎగబడిరి. పేదలు కొలది డబ్బునకు తమ మంచి పళ్లను అమ్ముకొనిరి. 1787లో రోలండ్‌సన్ అను చిత్రకారుడు ఈ అమానుషమును ఎగతాళిచేయుచు గీసిన చిత్రము నాటి స్థితికి నిలువుటద్దము.

అట్లు నాటిన పళ్లు కొంతకాలమునకు ఊడిపోయినవి. పరాయి శరీరభాగమును మన శరీరము క్రమముగ కరగించి వేయునను సత్యము ఆనాటికి తెలియదు. అంతకంటె ఘోరమేమనగా, పన్నుతోపాటు దాత యొక్క సవాయిరోగము గ్రహీతకు సంక్రమించిన ఉదంతములు వెలువడినవి. ఆ శతాబ్దాంతమునకు ఈ వాడుక అపఖ్యాతిపాలై సన్నగిల్లినది. అపజయము ఇచ్చిన మొదటి పాఠమిది: నాటవలసిన వస్తువు పరాయి జీవభాగము కారాదు, అది శుభ్రమైనదిగాను, శరీరము నిరాకరింపనిదిగాను ఉండవలెను.

లోహమును నమ్మిన కాలము

పిమ్మట వైద్యులు లోహములవైపు మరలిరి. 1809లో మజోలో అను నాతడు బంగారముతో చేసిన వేరును, అప్పుడే పన్ను తీసిన గుంతలో అమర్చి, కొంత మానిన తరువాత దానిపై పన్ను కట్టు పద్ధతిని వివరించెను. చిగురు వాచి, నొప్పి ఎక్కువై ఆ పద్ధతి వ్యాపింపలేదు. ఆ శతాబ్దమున వెండి, ప్లాటినము మొదలగునవియు పరీక్షింపబడినవి. సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానముగాని, పనిముట్లను శుద్ధిచేయు ఆచారముగాని స్థిరపడని ఆ కాలమున అవి చీముపట్టి పోవుట వింతకాదు.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమునకు చెందిన గ్రీన్‌ఫీల్డ్ అను దంతవైద్యుడు 1913లో ప్రకటించిన పద్ధతి ఈ చరిత్రలో గమనింపదగినది. ఆయన ఇరిడియము, ప్లాటినము కలిసిన తీగెతో బోలుగానుండు ఒక చిన్న బుట్టను అల్లించి, బంగారముతో అతికించెను. దానికి సరిపడు గుండ్రని కోతను ఎముకలో కోసి, నడిమి యెముకను తీయక అట్లే ఉంచి, బుట్టను దానిపై దించెను. తీగెల సందులలోనికి ఎముక పెరుగవలెనని ఆయన ఆశయము. కోత కొలతకు సరిపోవలెననియు, పరిశుభ్రత పాటింపవలెననియు, బరువు మోపుటకు ముందు కొంతకాలము వేచియుండవలెననియు ఆయన గ్రహించెను. ఈ మూడును నేటికిని చెల్లుచున్న సూత్రములే. దురదృష్టవశమున ఆయన తరువాతివారు బుట్ట ఆకారమును జ్ఞాపకముంచుకొని, వేచియుండుటను మరచిరి.

1937లో వెనబుల్, స్టక్ అను అమెరికా శస్త్రవైద్యులు ఎముకలోనుంచిన లోహములు శరీరద్రవములవలన విద్యుద్రసాయనచర్యకు లోనై చుట్టునున్న కణజాలమును చెరచునని ప్రయోగపూర్వకముగ నిరూపించిరి. కోబాల్టు, క్రోమియము, మాలిబ్డినము కలిసిన వైటాలియము అను మిశ్రలోహము అట్టి చర్యకు చాలవరకు లోనుగాదని వారు తేల్చిరి. దానిని ఆధారముగ గొని బోస్టన్ నగరమున ఆల్విన్ స్ట్రాక్ వైటాలియము మరమేకులను దవడలో నాటి, 1939లో ప్రకటించెను. వానిలో కొన్ని చాలకాలము నిలిచినవి. స్వీడను దేశమున డాల్ అనునతడు 1940వ దశకమున ఎముకలోనికి దింపక, చిగురు క్రింద ఎముకపై పరచు లోహపు చట్రమును రూపొందించెను. ఇటలీలో ఫోర్మిజీని 1947లో తీగె మెలికలవంటి మరమేకును, అమెరికాలో లింకో 1967లో కత్తి అలుగువంటి పలుచని రేకును ప్రవేశపెట్టిరి.

ఆకారములు వేరైనను వీనిలో పెక్కింటికి సంభవించిన గతి యొక్కటే. నాటిన కొలది దినములకే వానిపై పళ్లు కట్టి నమలనిచ్చిరి. లోహమునకు ఎముకకు నడుమ నారవంటి మెత్తని పొర ఏర్పడినది. సహజదంతమునకు ఎముకకు నడుమ నుండు నరపుపొరతో దానిని పోల్చి, ఇది యొక గుణమేయని కొందరు వాదించిరి. వాస్తవమున అది గాయము మానలేదనుటకు గుర్తు. ఆ పొర ఏటేట దట్టమై, లోహము వదులై, సూక్ష్మజీవులు లోనికి దిగి, ఎముక కరగినది. తీసివేయునాటికి దవడలో పెద్ద గుంట మిగిలి, కట్టుడు పళ్లకైనను ఆధారము లేని దుఃస్థితికి రోగులనేకులు లోనైరి. ఇంప్లాంటు విఫలమైనప్పుడు మనిషి పూర్వస్థితికి వచ్చుననుకొనరాదనియు, అంతకంటె హీనస్థితికి పోవచ్చుననియు ఆ తరము తెలుసుకొన్నది.

టైటానియము, నిరీక్షణ

టైటానియమును 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమునందలి నల్లని యిసుకలో గ్రెగర్ గుర్తించెను. 1795లో జర్మను రసాయనజ్ఞుడు క్లాప్రోట్ దానికి ఆ పేరు పెట్టెను. ఇల్మనైటు అను దాని ఖనిజము మన భీమునిపట్నము తీరమునను, ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురము వద్దను, తమిళనాట మనవాళకురిచ్చి వద్దను గల యిసుకలలో కూడ ఉన్నది. 1940లో బాత్ మొదలగు పరిశోధకులు పిల్లుల తొడయెముకలలో ఈ లోహమునుంచి, ఎముక దానిని అంటి పెరుగుటను గమనించిరి. 1951లో లెవెంతాల్ అను వైద్యుడు అదే విషయమును మరల తెలిపెను. ఆ రెండు ప్రకటనలును దంతవైద్యుల దృష్టికి ఆనలేదు.

1952లో స్వీడను దేశమున లుండ్ విశ్వవిద్యాలయమునందు పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ (1929–2014) కుందేలు ఎముకలోని రక్తప్రసారమును సూక్ష్మదర్శినితో చూచుటకై టైటానియముతో చేసిన చిన్న పరికరమును ఎముకలో అమర్చెను. పని ముగిసిన పిమ్మట దానిని తీయబోగా అది రాలేదు. ఎముక దానిని కరచిపట్టియున్నది. అది దంతవైద్యునకు పనికివచ్చు విషయమని గ్రహించుట ఆయన ప్రతిభ. వెంటనే మనుష్యులపై ప్రయోగింపక, గోటెన్‌బర్గ్ నగరమున సంవత్సరముల తరబడి జంతువులపై పరీక్షించెను. 1965లో పుట్టుకతోనే అంగిలి చీలికయు, దవడలోపములును గల యోస్టా లార్సన్ అను నాతని క్రిందిదవడలో నాలుగు ఇంప్లాంట్లను నాటెను. అవి 2006లో లార్సన్ మరణించువరకు, అనగా నలుబది యేండ్లకు మించి, నిలిచియుండినవి.

బ్రోనెమార్క్ పద్ధతిలో లోహమెంత ముఖ్యమో నిరీక్షణయు అంత ముఖ్యము. గాలి తగిలినంతనే టైటానియముపై మిల్లీమీటరులో లక్షవ వంతునకు మించని పలుచని ఆక్సైడు పొర ఏర్పడును; ఎముక ఎదుర్కొనునది ఆ పొరనే. కాబట్టి ఎముక దానిని నిరాకరింపదు. అయినను అంగీకరించుటకు కొంత వ్యవధి కావలెను. మరమేకును నాటి, పైన చిగురును కుట్టివేసి, క్రిందిదవడలో మూడు నాలుగు మాసములు, పైదవడలో ఐదారు మాసములు బరువు మోపక ఉంచవలెనని ఆయన విధించెను. నారు నాటిన దినముననే దుబ్బు కట్టవలెననుకొను రైతు మన యూళ్లలో నుండడు. దంతవైద్యమున ఆ యింగితము స్థిరపడుటకు నూటయేబది యేండ్లకు మించి పట్టినది.

అపజయమునకు కొలబద్ద

ఒక చికిత్స ఫలించినదో లేదో తేల్చుటకు ముందు, ఫలించుట యనగానేమో నిర్ణయింపవలెను. ఈ విషయమున చరిత్ర విచిత్రముగ నున్నది. 1978లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారును, జాతీయ ఆరోగ్యసంస్థలవారును కలిసి జరిపిన సభలో, ఇంప్లాంటు ఏ వైపునకైనను ఒక మిల్లీమీటరునకు లోపుగ కదలినను ఆక్షేపణ లేదనియు, ఐదేండ్లకు నూటికి 75 పనిచేయుచున్న చాలుననియు నిశ్చయించిరి. ఎనిమిదేండ్లకే, అనగా 1986లో, ఆల్బ్రెక్ట్‌సన్, జార్బ్, వర్తింగ్టన్, ఎరిక్‌సన్ అను నలుగురు ప్రకటించిన ప్రమాణములలో ఇంప్లాంటు ఏమాత్రమును కదలరాదు. ఎక్స్-రేలో దాని చుట్టును నల్లని వలయము కనబడరాదు. నొప్పి, చీము ఉండరాదు. మొదటి యేడు గడచిన పిమ్మట ఎముక ఏటికి 0.2 మిల్లీమీటరుకంటె ఎక్కువ తరుగరాదు. ఐదేండ్లకు నూటికి 85, పదేండ్లకు 80 ఈ రీతిగ నిలువవలెను. మొదటి కొలతతో జయమనిపించుకొన్నది రెండవ కొలతతో అపజయమైనది.

ఈ మార్పునకు ఆధారము స్వీడను వైద్యులు ఓపికతో ఉంచిన లెక్కలు. 1965 నుండి 1980 వరకు 371 మందికి నాటిన 2,768 ఇంప్లాంట్ల వృత్తాంతమును అడెల్ మొదలగువారు 1981లో ప్రకటించిరి. వానిలో ఐదు మొదలు తొమ్మిదేండ్లవరకు పరిశీలింపబడిన 130 దవడలలో, పైదవడ ఇంప్లాంట్లు నూటికి 81, క్రిందిదవడవి 91 స్థిరముగ నిలిచినవని తేలినది. ఊడిపోయినవానిని దాచక లెక్కలో చేర్చుటవలననే ఈ సంఖ్యలకు విలువ గలిగినది. 1982లో కెనడాలోని టొరంటో నగరమున జార్బ్ నడిపిన సమావేశమునందు ఈ ఫలితములు ప్రపంచమునకు విశదమైనవి.

ఆదిలోనే ఊడిపోవుటకు హేతువులు

1981లోనే ఆల్బ్రెక్ట్‌సన్, బ్రోనెమార్క్ మొదలగువారు ఇంప్లాంటు ఎముకతో కలియుటకు ఆరు విషయములు కుదురవలెనని చెప్పిరి. అవి లోహద్రవ్యము, దాని ఆకారము, దాని పైతలపు నునుపు గరుకులు, ఎముక స్థితి, శస్త్రకౌశలము, మోపు బరువు. వీనిలో ఏది లోపించినను మొదటి మాసములలోనే మరమేకు వదులగును.

శస్త్రకౌశలములో ప్రధానమైనది వేడిమి. బరమాతో కొయ్యను తొలచునపుడు రంధ్రము వేడెక్కుట మన వడ్రంగులెరిగినదే. కొయ్య కమిలినను మేకును పట్టును; ఎముక కమిలిన చచ్చును. ఎరిక్‌సన్, ఆల్బ్రెక్ట్‌సన్ 1983లో కుందేళ్లపై జరిపిన ప్రయోగములలో, 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి ఒక్క నిమిషము తగిలినను ఎముక గాయపడునని కనుగొనిరి. స్నానమునకు కాచుకొను నీటి వేడిమితో సమానమైన ఈ స్వల్పోష్ణమునకే అట్టి హాని కలుగుట ఆశ్చర్యకరము. కావుననే వాడియైన బరమాలు వాడుట, సన్నని రంధ్రముతో నారంభించి క్రమముగ వెడల్పు చేయుట, ఎడతెగక ఉప్పునీటితో చల్లబరచుట విధులైనవి. మొద్దువారిన బరమాతో త్వరపడి తొలిచిన రంధ్రమున ఎంత మేలిమి లోహమును నాటినను ప్రయోజనముండదు.

రెండవది కదలిక. మానుచున్న కాలమున మరమేకు మిల్లీమీటరులో సుమారు పదవ వంతునకు మించి పదే పదే కదలినయెడల, దాని చుట్టు ఎముకకు బదులు నారపొర ఏర్పడును. వెనుకటి తరమువారి అలుగులు, తీగెలు చెడుటకు రహస్యమిదియే. నేడు గరుకుతలము గల మరమేకులు వచ్చినందున గట్టి యెముకలో కొన్ని వారములకే పన్ను కట్టగలుగుచున్నారు. ఎన్నిక చేసిన కొందరికి ఆనాడే తాత్కాలికముగ అమర్చుచున్నారు. ఇది నియమమునకు భంగము కాదు. నాటిననాడే మరమేకు కదలనంత బిగువుగ కూర్చున్నవారికే ఆ వెసులుబాటు చెల్లును.

మూడవది ఎముక స్థితి. లేఖోమ్, జార్బ్ 1985లో దవడయెముకను నాలుగు తరగతులుగ విభజించిరి. మొదటిది దట్టమైనది, నాలుగవది పలుచని పెంకులోపల బోలుబోలుగ నుండునది, పైదవడ వెనుకభాగమున తరచుగ కనబడునది. జఫిన్, బెర్మన్ 1991లో ప్రకటించిన లెక్కలో, మొదటి మూడు తరగతుల యెముకలో ఊడిపోయినవి నూటికి 3 కాగా, నాలుగవ తరగతిలో 35. ఆనాటి మరమేకులు నున్ననివి. నేటి గరుకు మరమేకులతో ఈ వ్యత్యాసము చాల తగ్గినది. పన్ను పోయి చిరకాలమైనవారికి ఎముక పలుచబడియుండునను విషయము మాత్రము మారలేదు. ముందు ఎముక ముక్కలతోనో పొడితోనో దానిని పెంచవలసిన అవసరము అందుచేతనే కలుగును.

ఏండ్లు గడచిన పిమ్మట చెడుటకు హేతువులు

ఎముక పట్టుకొనిన ఇంప్లాంటు ఇక శాశ్వతమను భావము 1980వ దశకమున ప్రబలియుండెను. ఆ దశకాంతమునుండి వేరొక రకపు అపజయము దృష్టికి వచ్చినది. పళ్ల చుట్టును పేరుకొను పాచివంటిదే ఇంప్లాంటు చుట్టును పేరుకొని, చిగురు వాచి, క్రమముగ ఎముకను తినివేయుచున్నది. చిగురు మాత్రమే వాచిన దశ వేరు. ఎముక తరిగిన దశ వేరు. మొదటిది శుభ్రముచేసిన మరలును. రెండవదానిని సంపూర్ణముగ మరలించుట కష్టము. 2015లో డెర్క్స్, తొమాసి అను వారు అంతవరకు వెలువడిన పరిశోధనలను క్రోడీకరించి, ఇంప్లాంట్లు గలవారిలో సగటున నూటికి 43 మందికి మొదటి దశయు, 22 మందికి రెండవ దశయు కలవని అంచనా కట్టిరి. ఎముక తరిగినవన్నియు ఊడిపోవునని దీని యర్థము కాదు. కనిపెట్టక విడిచిన ఆ త్రోవనే పోవునని మాత్రము గ్రహింపవలెను.

సహజదంతమునకు లేని ఈ దౌర్బల్యము ఇంప్లాంటునకేల? సహజమైన పంటివేరులోనికి చిగురునారలు అడ్డముగ చొచ్చుకొనిపోయి, ఆనకట్టవలె నిలిచి సూక్ష్మజీవులను ఆపును. లోహములోనికి నారలు చొరజాలవు. అవి దాని ప్రక్కగ నిలువుగ సాగును. ఈ భేదమును 1991లో స్వీడను పరిశోధకులు కుక్కలపై స్పష్టముగ చూపిరి. అందుచేత చిగురువాపు అచట లోతునకు త్వరగ దిగును. ఎముక పట్టుటకు తోడ్పడిన గరుకుతలము, ఒకమారు చిగురుపైకి తేలినచో, పాచికి మరింత ఆశ్రయమిచ్చును.

మరియొక భేదము స్పర్శ. అన్నములో రాయి తగిలిన తత్క్షణమే సహజదంతము చెప్పును. దాని చుట్టునున్న నరపుపొర ఒత్తిడిని కనిపెట్టును. ఇంప్లాంటునకు ఆ పొర లేదు. నిద్రలో పళ్లు కొరుకు అలవాటు గలవారు తెలియకయే దానిపై అధికభారము మోపుదురు. అందువలన లోపలి మర సడలుట, తొడుగు పగులుట, అరుదుగ మరమేకే విరుగుట సంభవించును. తొడుగును అతికించిన సిమెంటు చిగురు క్రింద మిగిలిపోయినను వాపునకు మూలమగును. చిగుళ్ల వ్యాధిచేతనే పళ్లు పోగొట్టుకొనినవారికి, ఆ వ్యాధిని ముందు అణచక ఇంప్లాంటు నాటినయెడల, పన్నును పోగొట్టిన శత్రువే ఇంప్లాంటునకును శత్రువగును.

పొగాకు, మధుమేహము, మందులు

1993లో బెయిన్, మోయ్ అను వైద్యులు 540 మందికి నాటిన 2,194 ఇంప్లాంట్లను పరిశీలించి, పొగత్రాగువారిలో నూటికి 11.28, త్రాగనివారిలో 4.76 విఫలమైనవని చూపిరి. పొగాకు సన్నని రక్తనాళములను ముడుచుకొనజేసి, గాయము మానుటకు వలసిన రక్తమును తగ్గించును. తరువాతి పరిశోధనలును ఈ దోషమును ధ్రువపరచినవి.

ఈ విషయము మన జనమునకు ప్రత్యేకముగ వర్తించును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందును, వాని నంటియున్న ఒడిశా తీరమందును చుట్టను నిప్పుకొన నోటిలో పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు తరతరములుగ, ముఖ్యముగ స్త్రీలలో, నున్నది. 1957నాటికే దీనికిని అంగిలి పుట్టకురుపునకును గల సంబంధము వైద్యపత్రికలలో ప్రకటింపబడినది. 1960వ దశకమున శ్రీకాకుళము జిల్లా గ్రామములలో పదివేలకు పైబడిన జనమును పరీక్షింపగా, నూటికి 40 మందికి పైగా ఈ అలవాటు గలవారని తేలినది. ఆ కుటుంబములనుండి వెలువడి గంజాములోను, ఇతర రాష్ట్రములలోను స్థిరపడినవారి పెద్దలలో ఈ అలవాటు గలవారెవరైన నున్నచో, ఇంప్లాంటు మాట తలపెట్టుటకు పూర్వము అంగిలిని పరీక్ష చేయించుట విధి. చుట్టను ఏ కొననుండి కాల్చినను నోటి గాయమునకు పొగాకు చేయు అపకారము తప్పదు.

మధుమేహము అదుపులో లేనివారికి గాయములు ఆలస్యముగ మానును. చిగుళ్లవాపు త్వరగ ముదురును. దానిని అదుపులో నుంచుకొనువారు ఈ చికిత్సకు అనర్హులు కారు. ఎముకలు గుల్లబారు వ్యాధికిని, కొన్ని పుట్టకురుపులకును ఇచ్చు బిస్ఫాస్ఫొనేటు మందులు వాడినవారిలో కొందరికి, పన్ను తీసిన చోట దవడయెముక మానక చచ్చుట కలదని 2003లో మార్క్స్ అను శస్త్రవైద్యుడు హెచ్చరించెను. దవడకు వికిరణ చికిత్స పొందినవారి యెముకయు బలహీనమై యుండును. ఇట్టి విషయములను దంతవైద్యునకు దాచిపెట్టుట అపజయమును కోరి తెచ్చుకొనుటయే.

ఉపసంహారము

ఇంతవరకు చూచినదానినిబట్టి, ఇంప్లాంటు నిలుచుట ముగ్గురి ధర్మమని తేలుచున్నది. ఎముకను కమలనీయక, త్వరపడక నాటుట వైద్యుని ధర్మము. పాచిని చేరనీయక, పొగాకును విడిచి, మధుమేహమును అదుపులో నుంచుకొనుట రోగి ధర్మము. ఊడిపోయినవానిని దాచక లెక్కించి ప్రకటించుట శాస్త్రజ్ఞుల ధర్మము. హంటర్ కాలమునుండి లింకో కాలమువరకు లోపించినది ముఖ్యముగ ఈ మూడవది. ఎవరికి వారు తమ జయములను చెప్పుకొనిరే కాని, నాటినవానినన్నిటిని ఏండ్ల తరబడి వెంబడించి లెక్కచూచినవారు అరుదు. ఆ లెక్క మొదలైన పిమ్మటనే చికిత్స స్థిరపడినది.

మన పాఠకులకు ఆచరణయోగ్యములైన కొన్ని మాటలతో ముగించెదను. నాటించుకొనుటకు ముందు, చిగుళ్లు ఆరోగ్యముగ నున్నవా, ఎముక ఎంత యున్నది, ఎంతకాలము వేచియుండవలెను, అది చెడినచో తరువాతి మార్గమేమి అని వైద్యుని అడిగి తెలుసుకొనవలెను. వీనికి ఓపికతో బదులు చెప్పు వైద్యుని యొద్దనే చికిత్స చేయించుకొనుట మేలు. నాటించుకొనిన పిమ్మట చిగురునుండి నెత్తురు వచ్చినను, వాచినను, నొప్పి లేదుగదా యని ఊరకుండరాదు. ఎముక తరుగుట చాలకాలము నొప్పి లేకయే జరుగును. వైద్యుడు చెప్పిన గడువున, సాధారణముగ ఆరు మాసములకొకమారు, చూపించుకొని గార తీయించుకొనవలెను.

చివరిది, ఊరూరు తిరుగు ఉద్యోగములును, రాష్ట్రాంతర నివాసములును గల మనవంటివారికి మిక్కిలి అవసరమైనది. ఒక తయారీదారు మరమేకునకు మరియొకరి కలుపుముక్క సాధారణముగ సరిపడదు. చెన్నైలో నాటించుకొనినవానికి పదేండ్ల తరువాత పూణేలోనో యానాములోనో లోపలి మర సడలినచో, అచటి వైద్యునకు ఆ మరమేకు ఎవరిదో, ఎంత పొడవుదో, ఎంత లావుదో తెలియవలెను. తెలియనిచో బాగుగనున్న ఇంప్లాంటును సైతము తీసివేయవలసిన స్థితి రావచ్చును. కనుక తయారీదారు పేరు, కొలతలు, నాటిన తేది వ్రాయించి తీసికొని, ఎక్స్-రే ప్రతులతోపాటు ఇంటి దస్తావేజులలో భద్రపరుపవలెను.